పటములో మన యూళ్ల పేరులు

ఒక దేశమును పాలింపదలచినవాడు మొట్టమొదట దానిని కొలుచును. కొలిచినదానిని కాగితమున కెక్కించి, పెట్టెలో బెట్టి తాళము వేయును. మన దేశమున జరిగినదియు నిదియే. ఈస్టిండియా కంపెనీవారు 1767లో సర్వే శాఖను స్థాపించిరి. 1802 ఏప్రిలు 10వ తేదీన లాంబ్టన్ దొర మద్రాసు చెంతనున్న సెయింట్ థామస్ కొండ కడ మొదటి ఆధారరేఖను గొలువ నారంభించెను. నాడు మొదలైన త్రికోణమితి సర్వే దక్షిణపు కొననుండి హిమాలయముల వరకు సాగెను. గొలుసులు లాగినవారు మనవారు. జెండాలు మోసినవారు మనవారు. అడవులలో జ్వరముల పాలైనవారిలో బెక్కురు మనవారు. అత్యున్నత శిఖరము యొక్క యెత్తును గణించిన రాధానాథ సిక్దారు వంగదేశీయుడు. శిఖరమునకు మాత్రము, అంతకు మునుపే యుద్యోగమును విరమించి స్వదేశమున కేగిన ఎవరెస్టు దొర పేరు పెట్టిరి.

శిఖరమునకు బట్టిన గతియే మన యూళ్లకును బట్టినది. మచిలీపట్టణము మసూలిపటామైనది. కాకినాడ కొకనాడా యైనది. ఏలూరు ఎల్లోరైనది. కడప పేరు ఇంగ్లీషు కాగితములలో సరియగుటకు 2005 వరకును, రాజమహేంద్రవరము తన పూర్వనామమును దిరిగి పొందుటకు 2015 వరకును బట్టెను. పటము గీచినవాని చెవికి వినబడినదే యూరి పేరు. ఆ యూరివారి నోట నున్నది కాదు. ఈ ముచ్చట నిప్పుడేల త్రవ్వుచున్నారని పాఠకులు ప్రశ్నింపవచ్చును. దొరలు పోయిరి. కాని పేరులు పోగొట్టు పని నేడు మన చేతులతో మనమే, తెలియకయే చేయుచున్నాము. అది కంప్యూటరు తెరమీద, ఒక రూపమునుండి మరియొక రూపమునకు పటమును మార్చు నిమేషములో జరుగుచున్నది. దానిని గూర్చియే మేము వ్రాయదలచితిమి.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మటను పటముల పెట్టెకు తాళము చిరకాలము పోలేదు. సరిహద్దులనుండియు సముద్రతీరమునుండియు సుమారు 80 కిలోమీటర్ల మేర గల ప్రదేశపు పెద్ద కొలత పటములు నిషిద్ధకోటిలో నుండెను. అనగా బందరు వాడు బందరు పటమును, కాకినాడ వాడు కాకినాడ పటమును గొనవలెనన్న ననుమతి వేడవలసియుండెను. 2005లో వచ్చిన జాతీయ పటవిధానము రక్షణశాఖకు వేరు పటములను, ప్రజలకు వేరు పటములను నేర్పరచి తలుపును గొంచెము దెరచినది. 2016లో మరల మూయ జూచిరి. ఆ యేట కేంద్ర ప్రభుత్వమువారు ప్రకటించిన ముసాయిదా బిల్లు ప్రకారము అనుమతి లేక భౌగోళిక సమాచారమును సేకరించినను, ప్రకటించినను ఏడేండ్ల వరకు చెరసాల, నూరు కోట్ల రూపాయల వరకు జుల్మానా! దేశమంతటను వ్యతిరేకత పెల్లుబికినది. బిల్లు చట్టము కాలేదు. 2017లో సర్వే ఆఫ్ ఇండియా తన 250వ సంవత్సరమున ప్రజాపటములను ఉచితముగా దింపుకొనుటకు వీలు కల్పించెను. 2021 ఫిబ్రవరి 15వ తేదీన వెలువడిన మార్గదర్శకములు భారతీయులకు ముందనుమతి యక్కర లేకుండ జేసినవి. 2022 డిసెంబరులో వచ్చిన జాతీయ భౌగోళిక విధానము దానినే స్థిరపరచినది. మంచిదే. ఆలస్యమైనను అమృతమే యందుము.

ఇంతలో ప్రభుత్వముల ప్రసక్తి లేకుండ మరియొక ప్రవాహము బయలుదేరినది. ఇంగ్లండులో ప్రజల పన్నులతో గీచిన పటములపై రాజముద్రాధికారము నిలిపి, ఆ ప్రజలకే వాని నధిక మూల్యమునకు విక్రయించుచుండిరి. దానికి విసిగి స్టీవ్ కోస్టు అను యువకుడు 2004లో ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ అను ప్రజాపటమును మొదలుపెట్టెను. ఎవరి వీధిని వారు నడచి కొలిచి, ఎవరి యూరిని వారు గుర్తించి, అందరి సొత్తుగా నొక్కచోట జేర్చుటయే దాని పద్ధతి. 2010 జనవరి 12వ తేదీన హైతీ దేశమున భూకంపము సంభవించినప్పుడు దేశదేశముల స్వచ్ఛందసేవకులు తమ యిండ్ల గూర్చుండియే, ఉపగ్రహచిత్రములను జూచి, పోర్టో ప్రిన్సు నగరపు వీధులను కొలది దినములలో గీచి యిచ్చిరి; సహాయమునకు వచ్చినవారు ఆ పటమును చేతబట్టుకొనియే తిరిగిరి. మన దేశమున 2018 నాటి కేరళ వరదలలోను ఈ పటము పనికి వచ్చెను. తెలుగునాట గూడ నగరములు, రహదారులు, చెరువులు, పల్లెలు దీని కెక్కినవి, ఎక్కుచున్నవి. ఎక్కించినవారు విద్యార్థులు, ఉపాధ్యాయులు, ఉద్యోగులు, జీతబత్తెములు లేనివారు.

చెరువు నిండియున్నది సరే, నీరు పొలమునకు బారుచున్నదా? తూము తెరచుట తెలియనివానికి నిండిన చెరువును ఎండిన చెరువును నొక్కటే. తెరమీద పటమును జూచి సంతోషించుట గట్టుమీద నిలిచి నీటిని జూచుట వంటిది. మండలమునగల చెరువులన్నియు నెన్ని యెకరములో, ఏ గూడెమునకు బడి యెంత దూరమో, ఏ కల్వర్టు తెగినచో నేయే యూళ్లకు దారి పోవునో లెక్కింపవలెనన్న, ఆ పటములోని ముడి సమాచారమును వెలికి దీసి జి.ఐ.ఎస్. అనెడు భౌగోళిక సమాచార వ్యవస్థలోనికి దెచ్చుకొనవలయును. ఇందులకు క్యు.జి.ఐ.ఎస్. అను సాధనము కలదు. 2002లో పుట్టినది, ఉచితమైనది, ఎవరైనను వాడుకొనదగినది. విదేశపు కంపెనీల ఖరీదైన సరకు కొననక్కర లేదు. కొరత సాధనమునకు గాదు, సాధకులకే.

వెలికి దీయుటకు ప్రధానముగా రెండు త్రోవలు గలవు. జర్మనీలోని జియోఫాబ్రిక్ అను సంస్థవారు లోకమునంతటిని ఖండఖండములుగా జేసి, ప్రతిదినము క్రొత్తగా, ఉచితముగా నుంచుచున్నారు. మన తెలుగు రాష్ట్రములు రెండును అందు దక్షిణ మండలమను పొట్లములో నున్నవి. దానిని మొత్తముగా దింపుకొని, మనకు గావలసిన జిల్లాను ఆస్మియమ్ అను పరికరముతో గోసికొనవచ్చును. రెండవది ఓవర్‌పాస్ అను ప్రశ్నోత్తర పద్ధతి. “ఈ హద్దులలోని చెరువులన్నియు నిమ్ము” అని యడిగిన నవి మాత్రమే యిచ్చును, క్యు.జి.ఐ.ఎస్.లో క్విక్ ఓ.ఎస్.ఎం. అను అనుబంధము చేర్చుకొన్నచో ఆ ప్రశ్న నచ్చటినుండియే యడుగవచ్చును. ఒక మండలమునకు, ఒక పట్టణమునకు నీ పద్ధతి చాలును. రాష్ట్రమంతయు నొక్కసారి యడుగరాదు. ఆ సర్వరులు సాధారణ ప్రజల కొరకు నడుపబడుచున్నవి. చలివేంద్రమునకు బోయి కుండనెత్తి నెత్తిన గ్రుమ్మరించుకొనువాడు దాహమైనవాడు కాడు.

ఆ పటము నందలి సరకు మూడు తెరగులు: బిందువులు, గీతలు, సంబంధములు. బావి బిందువు. బాట గీత. గీత తన మొదలు తానే తాకినచో అది చెరువో, పొలమో, భవనమో కావచ్చును. నడుమ లంక గల జలాశయమో? నాగార్జునసాగరమును జూడుడు; దాని మధ్య నాగార్జునకొండ యున్నది. వెలుపలి గట్టొక గీత, లోపలి లంక యింకొక గీత, రెంటిని గూర్చునది సంబంధము. వెలికి దీయువాడు గీతలను మాత్ర మడిగి సంబంధముల నడుగ మరచెనా, పిల్లకుంటలన్నియు వచ్చును, సాగరము రాదు! అట్లే హద్దు కత్తిరించునపు డజాగ్రత్తగా నున్నచో గోదావరి వంటి పొడవైన నది జిల్లా సరిహద్దున విరిగి ముక్కలై యుండును. ఆస్మియమ్‌లో గీతలను సంపూర్ణముగా నుంచు పద్ధతి గలదు; దానిని గోరవలయును. ఇవి నేర్వ గొన్ని గంటలు పట్టును. ఏండ్లు పట్టునని భయపెట్టువారి మాట నమ్మకుడు.

ఇక పేరుల సంగతి. ఓపెన్ స్ట్రీట్ మ్యాపులో నొక యూరికి పెక్కు పేరులు వ్రాయవచ్చును. సామాన్యమైన పేరొకటి, అది మన దేశమున నెక్కువ చోట్ల ఇంగ్లీషు లిపిలో నున్నది. తెలుగు పేరునకు వేరు గడి కలదు. హిందీకి, ఉర్దూకు, తమిళమునకు వేర్వేరు గడులు గలవు. ఇంతవరకు నేర్పాటు నిర్దుష్టము. చిక్కు వెలికి దీయునప్పుడే వచ్చును. జియోఫాబ్రిక్ వారు సులభముగా నుండుటకై సిద్ధము చేసి యుంచు ఉచిత షేప్ ఫైళ్లలో సామాన్యనామ మొక్కటే యుండును. తెలుగు పేరున కందు స్థానమే లేదు. మన కాలేజీలలో నెక్కువమంది వాడునది యిదియే. ముడి పొట్లమునే దింపుకొని జి.డి.ఏ.ఎల్. పరికరముతో మార్చువారికిని ముప్పు తప్పదు. ఏయే గుణములకు వేరు గడి యీయవలెనో నిర్ణయించు చిన్న దస్త్రమొకటి యా పరికరముతో వచ్చును. తెలుగు పేరు ఆ జాబితాలో సహజముగా నుండదు. “ఇతర గుణములు” అను నొక సంచిలో గుదింపబడును. ఆ సంచిని షేప్ ఫైలులోనికి దెచ్చినచో 254 బైట్లకు మించినది తెగిపోవును. తెలుగు సంకేతము ప్రతిదానికి మూడేసి బైట్లు కావలెను గనుక మనవారికి చోటు మూడవ వంతే దక్కును. అదిగాక, లిపి సంకేతము యూనికోడని ప్రత్యేకముగా జెప్పనిచో ఆ పరికరము పశ్చిమ యూరపు భాషల లిపిని మాత్రమే యనుకొని వ్రాయును. అంతట తెలుగక్షరములు పోయి ప్రశ్నార్థకములు మిగులును. ఊరి పేరుండవలసినచోట వరుసగా నాలుగు ప్రశ్నార్థకములు! పరికర మొక హెచ్చరికను దెరమీద జూపును. దానిని జదువువా రెందరు?

“ఇంగ్లీషు పేరున్నదికదా, నష్టమేమి?” యని యడుగుదురు. నష్టము కలదు. అనంతపురపు సీమలో కదిరి యున్నది. గోదావరి సీమలో కడియము గలదు. ఇంగ్లీషులో రెంటికి నొకే అక్షరముల మొదలు. మొదటిది దకారమనియు రెండవది డకారమనియు నెరిగినవాడు తెలుగువాడు, ఎరుగనిది యంత్రము. తణుకు, నిడదవోలు, పాలకొల్లు అను పేరులను ఇంగ్లీషునుండి యంత్రముచేత మరల తెలుగు చేయించి చూడుడు. నిడదవోలులో మొదట డకారమో దకారమో, దీర్ఘ మెచ్చటనో యంత్రము ఊహించును. ఊహించినది బడి పటములలో నచ్చగును. అచ్చయినదానిని బిడ్డలు చదువుదురు. ఒక తరము గడచిన పిదప ఊరివారే తమ యూరి పేరు పటములో నున్నట్లు పలుకుదురు. ఎల్లోరు, కొకనాడాలు పుట్టిన త్రోవ యిదియేకదా! గిరిజన గూడెముల, లంబాడీ తండాల పేరు లింకను దుర్బలములు. వానికి శాసనములలో, గ్రంథములలో సాక్ష్యముండదు. పటమున దప్పిన నవి యెల్లకాలమును దప్పినట్లే.

దీనికి మందు కష్టమైనది కాదు. షేప్ ఫైలు పాతకాలపుది. దాని గడులకు పది యక్షరముల పేరు మాత్రమే పట్టును. ఒక్క పటమునకు కనీసము మూడు ఫైళ్లు, వానిలో నొకటి జారిన పటము తెరువబడదు. దానిని విడిచి జియోప్యాకేజి అను రూపమును వాడవలయును. అది 2014లో ప్రమాణముగా వెలువడినది. ఒక్కటే ఫైలు, అక్షరములన్నియు యూనికోడు, గడుల పేరులకు గొరత లేదు. జి.డి.ఏ.ఎల్. వాడువారు పైజెప్పిన చిన్న దస్త్రములో తెలుగు పేరు గడిని తమ చేతితో నొక పంక్తి వ్రాసి చేర్చుకొనవలయును. క్విక్ ఓ.ఎస్.ఎం. వాడువారికి ప్రతి గుణము వేరు గడిగానే వచ్చును గనుక, దాచునపుడు రూపము సరిగా నెంచుకొన్న జాలును. ఏ కార్యాలయమువారైనను షేప్ ఫైలే కావలెనని పట్టుబట్టినచో లిపి యూనికోడని చెప్పి వ్రాయింపవలయును. ఒక్క పంక్తి, ఒక్క మాట. ఇంతటితో వేలకొలది యూళ్ల పేరులు దక్కును.

న్యాయస్థానములలో దిరుగు వృత్తి గలవారము గనుక విస్తీర్ణములను గూర్చి నాలుగు మాటలు చెప్పక తప్పదు. చెరువుల యాక్రమణల వ్యాజ్యములు తెలుగునాట కొదువలేదు. శిఖము భూమి యెంత, పూర్తి నీటిమట్టమున చెరువు విరివి యెంత యను తగవులలో నేడు కంప్యూటరు పటములు దాఖలు చేయబడుచున్నవి. ప్రజాపటములోని స్థానములు అక్షాంశరేఖాంశములలో, డిగ్రీల లెక్కన నుండును. డిగ్రీలతో వైశాల్యము గట్టిన వచ్చు సంఖ్యకు నర్థమే లేదు. మన యక్షాంశములయం దొక అక్షాంశపు డిగ్రీ సుమారు 111 కిలోమీటర్లు, రేఖాంశపు డిగ్రీ సుమారు 106 కిలోమీటర్లు. అంతకంటె మోసకరమైన దింకొకటి కలదు. ఇంటర్నెట్టు పటములు సాధారణముగా వాడు మెర్కేటరు రూపములో గొలిచినచో, 17వ అక్షాంశము కడ నూరెకరముల చెరువు సుమారు నూటతొమ్మిది యెకరములుగా గనబడును! తొమ్మిదెకరములు! రైతుపై నాక్రమణ నేరము మోపుట కంతకంటె నేమి కావలెను? పటమును మొదట యు.టి.ఎం. అను మీటర్ల పద్ధతికి మార్చి పిమ్మట గొలువవలయును. తెలుగుదేశములో నధికభాగమునకు 44వ మండలము తగును; పడమట అనంతపురము, జహీరాబాదు 43వ మండలమునను, ఉత్తరపు కొనను ఇచ్ఛాపురము 45వ మండలమునను బడును. పాత సర్వే కాగితములను దీనిపై బరచువారు మరియొకటి యెరుగవలెను. అవి ఎవరెస్టు గోళపు లెక్కపై గీచినవి. మార్పు చేయక పరచినచో నూరు మీటర్లకు మించి ప్రక్కకు జరుగును. ఆ దొర పేరు శిఖరముననే కాక మన చెరువుగట్లమీదను నింకను నిలిచియున్నది.

ప్రజాపటము దస్తావేజు కాదనియు స్పష్టముగా జెప్పుచున్నాము. సర్వే నెంబరు హద్దులకు ఫీల్డు మెజర్‌మెంటు పుస్తకము, అడంగలు, పహాణీ ప్రమాణములు. ప్రజాపటము వానికి సాక్షిగా నిలువదగినదే కాని వాని గద్దె నెక్కదగినది కాదు. దానిని వాడువారు సరకు వెలికి దీసిన తేదీని తప్పక వ్రాసికొనవలయును. తెలంగాణములో 2016 అక్టోబరు 11న పది జిల్లాలు ముప్పదియొకటియై, 2019లో ముప్పదిమూడైనవి. ఆంధ్రప్రదేశములో 2022 ఏప్రిలు 4న పదుమూడు జిల్లాలు ఇరువదియారైనవి. తేదీ లేని పటములో నేది యే నాటి జిల్లాయో యెవరు చెప్పగలరు?

ఉచితమన్నంతమాత్రమున షరతులు లేవని తలపరాదు. ఈ సమాచారము 2012 సెప్టెంబరు 12 మొదలు ఓపెన్ డేటాబేసు లైసెన్సు క్రింద నీయబడుచున్నది. పటమును వాడుకొన్నవా రది ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ సేవకుల కృషియని చూచువారికి దెలియునట్లు వ్రాయవలయును. ఇది మొదటి షరతు. రెండవది లోతైనది. పటముగా నచ్చొత్తిన బొమ్మ మీ యిష్టము. కాని సమాచారమునకే క్రొత్త సమాచారమును గలిపి సంపుటిగా జేసి లోకమునకు విడుదల చేసితిరా, ఆ సంపుటిని గూడ నదే లైసెన్సు క్రింద నందరికి నీయవలయును. చెరువునుండి నీరు పెట్టుకొన్న రైతు మరామతు దినమున పారబట్టుకొని రావలెనను కుడిమరామతు ధర్మము వంటిదే యిది. మన దేశపు 1957 నాటి కాపీరైటు చట్టము పటమును కళాకృతిగాను, కంప్యూటరు సమాచారసంపుటిని సాహిత్యకృతిగాను లెక్కించుచున్నది. కావున “వాస్తవములకు హక్కేమి?” యని తోసిపుచ్చుట కొంటె వాదమే కాని వివేకము కాదు. ఒక కంపెనీ పటమునుండి పేరులు నకలుచేసి ప్రజాపటమున కెక్కించుటయు నట్టి దోషమే. దానివలన పదిమంది సేవ యంతయు వ్యాజ్యమునకు లోబడును. నడచి తెలిసికొనుడు. ఊరివారి నడుగుడు.

మరియొక హెచ్చరిక. దేశపు వెలిహద్దుల విషయమున ప్రజాపటమువారు నేలమీద నెవరి యాధీనమున నేది యున్నదో దానినే గీచుదురు. మన 1961 నాటి క్రిమినల్ లా సవరణ చట్టము, 1990 నాటి మార్పుతో, సర్వే ఆఫ్ ఇండియా పటములకు భిన్నముగా భారతదేశపటమును బ్రకటించినవారి కారుమాసముల వరకు చెరసాలయో, జుల్మానాయో, రెండునో విధింపవచ్చునని శాసించుచున్నది. గ్రామపటము గీచువారికి దీనితో బని లేదు. దేశపటమును ముద్రించు బడి, పత్రిక, సంఘము మాత్రము వెలిహద్దును సర్వే ఆఫ్ ఇండియావారినుండియే కైకొనవలయును.

పటములను బహిర్గతము చేసినచో శత్రువులకు రహస్యము తెలియునని యింకను గొందరు పెద్దలు బెంగపడుచున్నారు. ఉపగ్రహముల కన్ను కానని చెరువుగట్టు నేడు లేదు. రహస్యము మననుండియే దాగినది. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగరు ప్రాంతము నీట మునిగినది. అట్టి సమయమున అన్నపు పొట్లములతో బడవ నెక్కిన పొరుగూరి యువకునికి నే సందు ఎచ్చట ముగియునో, ఏ వీధి మెరకయో, ఏ యింటికి జేర దారి యేదో తెలుపు పటము చేత నుండవలెనా, వలదా? దారి యడిగినప్పుడు ముసలమ్మ తెలుగులో జెప్పిన పేరే యా పటములో నుండవలెనా, వలదా? శత్రువుల భయము చూపువారు మొదట దీనికి జవాబు చెప్పవలయును. ఎవడో తుంటరి తప్పులు వ్రాయునని మరియొక యాక్షేపణ. వ్రాయును, మరియొకడు దిద్దును, ఎవ డేమి వ్రాసెనో యెప్పుడు వ్రాసెనో చరిత్ర యంతయు నచ్చటనే నిలిచియుండును. కచేరీలలో దిద్దుబాటు కర్జీ పెట్టి యేండ్లు గాచినవారి కిది కొరతగా దోపదు.

హైదరాబాదులో జాతీయ దూరసంవేదన కేంద్రమున్నది. సర్వే శాఖవారి శిక్షణాలయ మున్నది. ఇంజనీరింగు కాలేజీలును మనకు పెక్కు గలవు. అయినను మండల కార్యాలయమున నొక్క తెలుగు పటము గావలెనన్న దిక్కులు చూడవలసివచ్చుచున్నది. రెండు ప్రభుత్వములకును మేము చేయు సూచన యొక్కటే: జిల్లా, మండల, గ్రామముల తెలుగు పేరులను, వాని సంకేత సంఖ్యలతో గూడ, యూనికోడులో, ఎవరైనను వాడుకొనునట్లు లైసెన్సుతో బ్రకటింపుడు. గెజెట్లలో నవి యున్నవి. కాగితపు బొమ్మలుగా స్కాను చేసి యుంచిన లాభమేమి? కాలేజీ యధ్యాపకులు విద్యార్థుల పటములను పరీక్షించునపుడు తెలుగు పేరు గడి యున్నదా, వెలికి దీసిన తేదీ యున్నదా, సేవకుల కృషిని స్మరించిరా యని మూడు ప్రశ్నలు వేయుదురుగాక.

మన పాఠకులలో కంప్యూటరు వాడుక తెలిసిన యువకు లనేకులున్నారు. ఈ వేసవి సెలవులలో తలకొక మండలమును దీసికొనుడు. పైన జెప్పిన రీతిని దాని సరకును వెలికి దీసి, తెలుగు పేరు లేని యూళ్ల జాబితా వ్రాసికొనుడు. ఆ జాబితాతో పంచాయతీ కార్యాలయపు బోర్డును, బడి గోడను, బస్సు నిలుచు చోటును జూచి, వృద్ధుల నడిగి, పేరులను సరిచూచి పటమున కెక్కించుడు. శివారు గూడెములను, తండాలను మరువకుడు. వాని పేరులను అచ్చటివారి నోటనే వినుడు. ఏ మండలము నెవరు చేపట్టినదియు మాకు వ్రాసినచో నొకే మండలమున కిద్దరు పోకుండ ఈ పత్రికలో వారము వారము ప్రకటింతుము. పేరు విషయమున వివాదము వచ్చినచో రెండు పేరులను, వానిని జెప్పినవారి వాడుకను వ్రాసి పంపుడు. మొదటి జాబితా జ్యేష్ఠమాసములో వేయుదుము.